తుపానుకు దెబ్బతిన్న కొమ్మల తొలగింపు

తుపానుకో ఈదురుగాలికో విరిగి, చీలి, చెట్టుకే వేలాడుతున్న కొమ్మలను మనుషులకూ ఇంటికీ చెట్టుకూ హాని లేకుండా తీసివేయడం తోటపనిలో ఒక ప్రత్యేకమైన పని. ఏటా చేసే మామూలు కత్తిరింపుతో దీనికి పోలిక తక్కువ. మామూలు కత్తిరింపులో కొమ్మ చెట్టును గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది, దాని బరువు ఎటు ఒరుగుతుందో చూడగానే తెలుస్తుంది. గాలివాన తర్వాత అలా కాదు. ఒక కొమ్మ బరువు మరో కొమ్మ మీద ఆని ఉండవచ్చు, సగం చీలిన పంగ ఒక్క బెరడు పీలికతో ఆగి ఉండవచ్చు, ఆకుల గుబురులో కరెంటు తీగ కనిపించకుండా చిక్కుకుని ఉండవచ్చు. గాలి ఆగిన తర్వాతి రోజుల్లో తొందరపడి చేసే కోతల వల్ల మనుషులు గాయపడుతుంటారు, తప్పుగా కోయడం వల్ల బతకగలిగిన చెట్లు లోలోపల కుళ్ళిపోతుంటాయి. ఈ రెండింటినీ నివారించే పద్ధతులు కష్టమైనవి కావు. వాటిని ముందే తెలుసుకుని ఉండాలి.

గాలికి చెట్లు విరగడానికి కారణాలు

ఆంధ్ర తీరంలో చెట్లకు పెద్ద నష్టం చేసిన తుపానులు ఈ తరానికి గుర్తున్నవే చాలా ఉన్నాయి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ ఒక్క రోజులో ఆ నగరపు పచ్చదనాన్ని తుడిచిపెట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. తెలంగాణకు తుపాను గాలి నేరుగా తగలడం అరుదు. అక్కడ ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంత్రం వేళల్లో ఉరుములతో విరుచుకుపడే ఈదురుగాలులే మామిడి, వేప కొమ్మలను విరిచేస్తాయి.

దట్టమైన కొమ్మల గుబురు గాలికి తెరచాపలా అడ్డుపడుతుంది. వాన కూడా తోడైతే తడిసిన ఆకుల బరువు కొమ్మ మీద పడుతుంది, నానిన నేల వేళ్ళను గట్టిగా పట్టి ఉంచలేదు. నగరాల్లో దీనికి మనుషులు చేసిన తప్పులు కలుస్తాయి. కాలువల కోసం, కేబుళ్ళ కోసం తవ్వినప్పుడు ఒక వైపు వేళ్ళు తెగిపోతాయి. మొదలు చుట్టూ సిమెంటు వేయడంతో వేళ్ళకు గాలి, నీరు అందవు. తీగలకు తగులుతున్నాయని ఒక పక్క కొమ్మలనే కొట్టేస్తే చెట్టు బరువంతా రెండో పక్కకు ఒరుగుతుంది. తల నరికిన చెట్టు సంగతి మరీ ప్రమాదకరం. నరికిన చోట గుత్తిగా పుట్టిన రెమ్మలు చేవ నుంచి కాక బెరడు కింది పొర నుంచి మొలుస్తాయి, అందుకే వాటికి పట్టు తక్కువ. నాలుగైదేళ్ళలో అవి లావెక్కుతాయి, ఆ తర్వాత వచ్చే మొదటి పెద్ద గాలికే ఊడివస్తాయి.

కొమ్మ కలిసే చోటు ఆకారం కూడా చాలా చెబుతుంది. విశాలమైన కోణంలో చెట్టును కలిసే కొమ్మ గట్టిది. రెండు కొమ్మలు ఇరుకైన పంగలో, మధ్య బెరడు నలిగి లోపలికి ముడుచుకుని పెరిగితే ఆ అతుకులో కలప కలపను పట్టుకోదు. చీలికలన్నీ దాదాపు ఇలాంటి పంగల్లోనే మొదలవుతాయి. జాతిని బట్టీ తేడా ఉంది. వీధుల్లో విరివిగా నాటిన గుల్మొహర్, పచ్చ తురాయి, నిద్రగన్నేరు త్వరగా పెరిగి త్వరగా విరుగుతాయి. మునగ కొమ్మ పెళుసుదనం తెలుగు నానుడికే ఎక్కింది. చింత గట్టి చెట్టు, గాలికి బాగా నిలుస్తుంది. వేప కూడా సాధారణంగా తట్టుకుంటుంది, కానీ 2021 ప్రాంతం నుంచి తెలుగు రాష్ట్రాల్లో ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల, తేయాకు దోమ అనే పురుగు వల్ల వేపచెట్ల చివరి కొమ్మలు విస్తారంగా ఎండిపోయాయి. అలా ఎండిన రెమ్మలు చిన్న గాలికే రాలుతాయి.

గాలి ఆగిన వెంటనే

తుపాను కన్ను ఊరి మీదుగా వెళ్తున్నప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఒక్కోసారి ఎండ కూడా కనిపిస్తుంది. తుపాను వెళ్ళిపోయిందనుకుని జనం బయటికి వచ్చి కొమ్మలు ఈడ్చుకుంటూ ఉండగానే గాలి రెండో దిక్కు నుంచి అంతే జోరుగా మొదలవుతుంది. మొదటి గాలికి ఒక వైపు వదులైన చెట్లు రెండో గాలికి పడిపోతాయి. వాతావరణ శాఖ తుపాను దాటిపోయిందని ప్రకటించే దాకా చెట్ల కిందికి వెళ్ళకూడదు.

బయటికి వచ్చాక మొదట చూడవలసింది చెట్టును కాదు, తీగలను. ఇంటి సర్వీసు వైరులో ఉండేది 230 వోల్టులైనా ప్రాణం తీయడానికి అది చాలు. వీధి స్తంభాల మీద వెళ్ళేవి 11,000 వోల్టుల లైన్లు కావచ్చు. తీగకు తగిలిన పచ్చికొమ్మ, అందులోనూ తడిసిన కొమ్మ, కరెంటును నేలకు చేరవేస్తుంది. ఊరంతా కరెంటు లేదు కాబట్టి తీగలో కరెంటు లేదనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ప్రాణాంతకమైన పొరపాటు. పక్కవీధిలో ఎవరో జనరేటరునో ఇన్వర్టరునో సరైన స్విచ్ లేకుండా ఇంటి వైరింగుకు కలిపితే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్ళి ఆగిపోయిన లైనులో మళ్ళీ అధిక వోల్టేజీ పుట్టిస్తుంది. సబ్‌స్టేషన్‌లో సరఫరాను ఏ క్షణంలోనైనా తిరిగి ఇవ్వవచ్చు కూడా.

నేల మీద తెగిపడిన తీగ చుట్టూ భూమిలోనూ వోల్టేజీ వ్యాపిస్తుంది. తీగకు దగ్గరగా ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. పెద్ద అంగ వేస్తే రెండు పాదాల మధ్య ఆ తేడా కాళ్ళలోంచి ప్రవహిస్తుంది. పశువుల ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ దూరం ఎక్కువ కావడం వల్లే ఇలాంటి చోట్ల అవి ముందుగా చనిపోతాయి. అలాంటి తీగకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. పొరపాటున దగ్గరికి వెళ్ళినట్టు గమనిస్తే పరుగెత్తకుండా, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, నేలకు రాస్తూ చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరగాలి. తీగకు తగిలిన, లేదా తీగకు 3 మీటర్ల లోపల ఉన్న ఏ కొమ్మనూ ఇంటివారు ముట్టుకోకూడదు. వెదురు గెడతో తోయడం, ఎండు తాడుతో లాగడం వంటి ఉపాయాలు తడి వాతావరణంలో పనిచేయవు. విద్యుత్ పంపిణీ సంస్థల సహాయ సంఖ్య 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి లైను ఆపి, దాన్ని భూమికి కలిపానని చెప్పే దాకా ఆగడం ఒక్కటే మార్గం.

తీగలు లేవని తేలిన తర్వాత చెట్టు చుట్టూ దూరం నుంచి ఒకసారి తిరిగి చూడాలి. పైన విరిగి కింద పడకుండా చిక్కుకున్న కొమ్మలు, మొదలు దగ్గర నేల పగిలి ఒక వైపు లేచిన గుర్తులు, మానులో కొత్త చీలికలు కనిపిస్తాయేమో గమనించాలి. నేల లేచి ఉంటే వేళ్ళు కదిలాయన్నమాట, అలాంటి చెట్టు కింద నిలబడడమే ప్రమాదం. పడిన కొమ్మల కింద పాములు, తేళ్ళు చేరతాయి. గూడు చెదిరిన తేనెటీగలు, కందిరీగలు మామూలు రోజుల కన్నా దూకుడుగా ఉంటాయి. ఆకుల గుట్టలో చెయ్యి పెట్టే ముందు పొడవాటి కర్రతో కదిలించి చూడడం పల్లెల్లో అందరికీ తెలిసిన జాగ్రత్తే. ఇల్లు, వాహనం, తోట దెబ్బతిన్నప్పుడు బీమాకూ ప్రభుత్వ నష్ట అంచనాకూ ఆధారంగా, ఏదీ కదిలించక ముందే ఫోటోలు తీసుకోవాలి.

ఇంటివారు చేయదగిన పని, చేయకూడని పని

రెండు కాళ్ళూ నేల మీద ఉంచి, చేతి రంపంతో, భుజం ఎత్తు దాటకుండా కోయగలిగిన కొమ్మ ఇంటివారి పని. పొడుగు కర్రకు బిగించిన రంపంతో నేల మీద నుంచే అందే సన్నకొమ్మలను కూడా ఇందులో చేర్చవచ్చు. చెట్టెక్కవలసినవి, నిచ్చెన కావలసినవి, తీగల దగ్గరివి, ఇంటి కప్పు మీదికి ఒరిగినవి, మానే చీలినవి, వేళ్ళు లేచినవి అనుభవం, తాళ్ళు, నడుము పట్టీ ఉన్నవారికే వదిలేయాలి. ఈ గీత దగ్గర మొహమాటానికి గానీ ఖర్చుకు గానీ లొంగడం మంచిది కాదు.

బరువును తక్కువగా అంచనా వేయడమే ఈ గీత దాటేలా చేస్తుంది. 20 సెంటీమీటర్ల మందం, 3 మీటర్ల పొడవు ఉన్న కొమ్మలో దాదాపు 94 లీటర్ల పరిమాణం కలప ఉంటుంది. పచ్చికలప కావడంతో అది 80 నుంచి 90 కిలోలు తూగుతుంది. రెమ్మలు, తడిసిన ఆకులు దీనికి అదనం. తలెత్తి చూస్తే అది సన్నకొమ్మలాగే కనిపిస్తుంది.

నిచ్చెనను కోయబోయే కొమ్మకే ఆనించడం తరచుగా జరిగే పొరపాటు. బరువైన చివర తెగిపడగానే మిగిలిన మొదలు ఒక్కసారిగా పైకి లేస్తుంది. నిచ్చెన పైకొనకు ఆసరా పోతుంది. తెగిన కొమ్మ కూడా నేరుగా కిందికి పడకుండా ఊగుతూ వచ్చి నిచ్చెన కాళ్ళను కొట్టవచ్చు. చెట్టెక్కేవారికి నడుము పట్టీ, మోకు లేకుండా పని అప్పగించకూడదు. తాటిచెట్లెక్కే గీత కార్మికుల కోసం తెలంగాణలో 2024లో కాటమయ్య రక్షణ కిట్ పేరుతో ఇచ్చిన పరికరాలు ఈ జాగ్రత్తకు మంచి ఉదాహరణ. తరతరాలుగా చెట్టెక్కడమే వృత్తిగా ఉన్నవారికే రక్షణ తాడు అవసరమైనప్పుడు, తుపాను మర్నాడు తడిసి పాకుడు పట్టిన మాను ఎక్కే కూలీకి అది ఇంకా ఎక్కువ అవసరం.

కప్పు మీద పడిన కొమ్మ విషయంలో సిమెంటు రేకులు, పాత పెంకులు మనిషి బరువును మోయలేవని గుర్తుంచుకోవాలి. కొమ్మ బరువుతో అప్పటికే పగిలిన రేకు మీద కాలు వేస్తే మనిషి లోపలికి పడిపోతాడు. చెట్టు ఇంటి మీదే ఒరిగి, లోపల మనుషులు ఉంటే ముందు వారిని బయటికి తీసుకురావాలి, తర్వాత 112కో అగ్నిమాపక శాఖ 101కో చెప్పాలి. వీధి చెట్లు మునిసిపాలిటీ బాధ్యత. హైదరాబాదులో రోడ్ల మీద పడిన చెట్లను హైడ్రా అనే ప్రభుత్వ సంస్థకు చెందిన విపత్తు స్పందన దళం (డీఆర్‌ఎఫ్) బృందాలు తొలగిస్తాయి.

పనిముట్లు

బొటనవేలు మందం దాకా రెమ్మలకు సికేచర్ చాలు. మణికట్టు మందం, అంతకు మించిన వాటికి వంపు తిరిగిన చేతి రంపం మేలు. దాని పళ్ళు వెనక్కి లాగేటప్పుడు కోస్తాయి, కాబట్టి ఒంటి బలం తక్కువ చాలుతుంది. గొడ్డలి, కత్తి ఈ పనికి మంచివి కావు. దెబ్బ గురి తప్పుతుంది, కొమ్మ చీలుతుంది, బెరడు నలిగి గాయం పెద్దదవుతుంది. పడిన దుంగను ముక్కలు చేయడానికి గొడ్డలి వాడుకోవచ్చు.

చైన్ సా ఇప్పుడు చిన్న ఊళ్ళలో కూడా అద్దెకు దొరుకుతోంది. దాని గొలుసు సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. బ్లేడు కొన పైభాగం పొరపాటున దేనికైనా తగిలితే యంత్రం మొత్తం పైకి, వెనక్కి, పట్టుకున్నవారి ముఖం వైపు ఎగురుతుంది. మనిషి తేరుకునేలోపే అది జరిగిపోతుంది. గుబురులో ఒక కొమ్మను కోస్తుంటే వెనక ఉన్న మరో కొమ్మకు కొన తగలడం చాలా తేలిక, అందుకే తుపాను చెత్తలో ఈ ప్రమాదం ఎక్కువ. రెండు చేతులతో, ఎడమ బొటనవేలు ముందు పిడి చుట్టూ బిగించి పట్టుకోవాలి. భుజం కన్నా పైకి ఎత్తకూడదు, నిచ్చెన మీద నుంచి అసలే వాడకూడదు. హెల్మెట్, కళ్ళద్దాలు, చెవులకు రక్షణ, గట్టి బూట్లు, గొలుసు తగిలితే నారలు చుట్టుకుని దాన్ని ఆపేసే ప్రత్యేక ప్యాంటు దీనికి కావాలి. లుంగీ కట్టుకుని, హవాయి చెప్పులతో చైన్ సా పట్టుకున్న మనిషిని చూస్తే ఆ పని ఆపించడం ఇంటి యజమాని బాధ్యత.

పని చేసేటప్పుడు ఇద్దరు ఉండాలి. ఒకరు కోస్తే రెండోవారు దూరంగా నిలబడి పైకి చూస్తూ ఉండాలి. ఒంటరిగా గాయపడితే సాయం పిలిచేవారు ఉండరు. పైన చిక్కుకున్న విరిగిన కొమ్మ ఎండుదై, సన్నదై, తీగలకు దూరంగా ఉంటే దానికి దోటితోనో విసిరిన తాడుతోనో పట్టు దొరకబుచ్చుకుని లాగవచ్చు. లాగేవారు కొమ్మ పొడవుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. తాడును చేతికి, నడుముకు చుట్టుకోకూడదు. రెండు మూడు సార్లు లాగినా రాకపోతే ఆ చుట్టుపక్కలకు పిల్లలు వెళ్ళకుండా అడ్డుకట్టి వదిలేయాలి.

వంగి బిగుసుకున్న కొమ్మ

తుపాను తర్వాత గాయాలకు ఎక్కువగా కారణమయ్యేదీ, తక్కువ మందికి తెలిసినదీ ఇదే. పడిన మాను కింద నొక్కుకుపోయిన పచ్చికొమ్మ, లేదా రెండు ఆసరాల మధ్య వంగి ఉన్న కొమ్మ లోపల శక్తి నిలవ ఉంటుంది. వంపు బయటి వైపు నారలు సాగి ఉంటాయి, లోపలి వైపు నారలు నలిగి ఉంటాయి. సాగిన వైపున గాటు పెడితే కొమ్మ ఒక్కసారిగా తెగి, కోసేవారి ముఖాన్నో మోకాళ్ళనో కొడుతుంది. నలిగిన వైపున లోతుగా కోస్తే గాటు మూసుకుపోయి రంపం ఇరుక్కుంటుంది.

అందువల్ల కోయడానికి ముందు ఆ కొమ్మకు ఆసరా ఎక్కడెక్కడ ఉందో, ఏ ఆసరా తీస్తే అది ఎటు కదులుతుందో నిదానంగా చూడాలి. ఒక చివర మాత్రమే పట్టు ఉండి రెండో చివర గాలిలో వేలాడుతుంటే పై వైపు సాగి ఉంటుంది. రెండు చివరలా ఆని మధ్యలో కుంగి ఉంటే కింది వైపు సాగి ఉంటుంది. మొదట నలిగిన వైపున మందంలో నాలుగో వంతు దాకా మాత్రమే గాటు పెట్టాలి, తర్వాత సాగిన వైపు నుంచి కొద్దికొద్దిగా కోస్తూ ఆ గాటును చేరాలి. నిలబడేది ఎప్పుడూ కొమ్మ కదిలే దిశకు పక్కగానే. మణికట్టు మందం మించి బాగా వంగిన కొమ్మను ఇంటివారు ముట్టుకోకపోవడం మంచిది. పెద్ద దుంగను కోసేటప్పుడు పల్లపు వైపు నిలబడకూడదు, తెగగానే అది దొర్లుతుంది. కూలిన చెట్టు మొదలును కోసినప్పుడు పైకి లేచిన వేళ్ళ గుట్ట మళ్ళీ గుంటలో పడిపోయి నిలబడడం కూడా జరుగుతుంది. ఆ గుంటలో ఎవరూ లేరని చూసుకున్న తర్వాతే కోత మొదలుపెట్టాలి.

మూడు కోతల పద్ధతి

చెట్టుకు ఇంకా అంటుకుని ఉన్న కొమ్మను ఒకే కోతతో తీయాలని పైనుంచి కోస్తే, సగం తెగగానే బరువుకు అది కిందికి వాలి తనతోపాటు మాను బెరడును అడుగు రెండడుగుల పొడవున చీల్చుకుపోతుంది. ఆ గాయం మానడానికి ఏళ్ళు పడుతుంది, కొన్నిసార్లు మానదు. దీన్ని తప్పించడానికి మూడు కోతలు అవసరం.

మొదటిది కింది గాటు. మాను నుంచి 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, కొమ్మ అడుగు వైపు నుంచి మందంలో మూడో వంతు దాకా కోయాలి. రంపం బిగుసుకోవడం మొదలైతే ఆపేయాలి. రెండోది పై కోత. కింది గాటుకు నాలుగైదు సెంటీమీటర్లు అవతల, అంటే కొమ్మ చివరి వైపు, పైనుంచి కోస్తూ పోవాలి. కొమ్మ విరిగిపడేటప్పుడు చీలిక కింది గాటు దగ్గర ఆగిపోతుంది, మాను బెరడు క్షేమంగా ఉంటుంది. ఇప్పుడు బరువు లేని ఒక మోడు మిగులుతుంది.

మూడో కోతే చెట్టు ఆరోగ్యాన్ని నిర్ణయించేది. కొమ్మ మానును కలిసే చోట పరిశీలనగా చూస్తే పైభాగాన ముడతలు పడిన బెరడు గీత ఒకటి, కొమ్మ మొదలు చుట్టూ కొద్దిగా ఉబ్బిన పట్టీ ఒకటి కనిపిస్తాయి. ఈ ఉబ్బును కాలర్ అంటారు. మామిడిలో, వేపలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. వేలితో తడిమినా తెలుస్తుంది. కోత బెరడు గీతకు కాస్త బయటి నుంచి మొదలై, ఉబ్బును తాకకుండా దాని అంచున ముగియాలి. మానుకు సమంగా, నున్నగా కోస్తే చూడడానికి బాగుంటుంది కానీ ఉబ్బు తెగిపోయి గాయం రెండింతలవుతుంది. మోడు పొడవుగా వదిలేస్తే అది ఎండి, కుళ్ళి, ఆ కుళ్ళును మానులోకి చేరవేస్తుంది.

విరిగి మొరటుగా మిగిలిన మోళ్ళకు కూడా ఇదే మూడో కోత వర్తిస్తుంది. కొమ్మ మధ్యలో విరిగితే, దాని కింద ఉన్న ఆరోగ్యకరమైన పక్కకొమ్మ దాకా కోయాలి. మాను మీద బెరడు చిరిగి వేలాడుతుంటే పదునైన చాకుతో వదులుగా ఉన్నంత మేరకే తీసివేసి, అంటుకుని ఉన్న బెరడు జోలికి పోకూడదు.

గాయం మానే తీరు

జంతువుల గాయం మానినట్టు చెట్టు గాయం మానదు. దెబ్బతిన్న కలప మళ్ళీ కొత్తగా మారదు, చెట్టు దాన్ని అలాగే మూసివేసి దాని చుట్టూ కొత్త కలపను పెంచుకుంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930–2006) వేల చెట్లను నిలువునా కోసి పరిశీలించి, కుళ్ళు వ్యాపించకుండా చెట్టు తనలో నాలుగు రకాల అడ్డుగోడలు ఏర్పరచుకుంటుందని 1977లో వివరించాడు. మొదటి గోడ కుళ్ళును నిలువునా పాకనివ్వదు, రెండోది లోపలి వలయాల్లోకి పోనివ్వదు, మూడోది చుట్టూ వ్యాపించనివ్వదు. అన్నిటికన్నా బలమైన నాలుగోది గాయం తర్వాత పెరిగిన కొత్త కలపకూ పాత కలపకూ మధ్య నిలుస్తుంది. కొమ్మ మొదలు చుట్టూ ఉన్న ఉబ్బులో ఈ రక్షణ సహజంగానే ఉంటుంది. మూడో కోత ఆ ఉబ్బును వదిలిపెట్టాలనడానికి కారణం ఇదే.

కోసిన చోట తారు, పెయింటు, పేడ పూయడం మన దగ్గర అలవాటు. షైగో పరిశోధనల తర్వాత ఇలాంటి పూతలు కుళ్ళును ఆపవని, తేమను లోపల బంధించి కొన్నిసార్లు పెంచుతాయని వృక్ష నిపుణులు అంగీకరించారు. మామిడి వంటి పండ్లచెట్లకు మాత్రం మన ఉద్యాన శాస్త్రవేత్తలు బోర్డో పేస్టును సిఫారసు చేస్తారు. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, 10 లీటర్ల నీటితో తయారయ్యే ఈ పేస్టు శిలీంధ్రనాశిని. ఇది గాలి చొరని పొరగా ఏర్పడదు కాబట్టి తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతంలో దాన్ని వాడడంలో అర్థముంది. రోగం ఉన్న చెట్టు నుంచి మరో చెట్టుకు వెళ్ళే ముందు రంపాన్ని స్పిరిట్‌తో తుడవడం అంతకన్నా తేలికైన జాగ్రత్త. మామిడి కోసినప్పుడు కారే సొన చర్మాన్ని కాలుస్తుంది, చేతికి తొడుగులు ఉండాలి. గాయపడిన మామిడి మానులో కాండం తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది. తర్వాతి నెలల్లో చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టు లాంటిది రాలుతుంటే అది దాని గుర్తు.

కొబ్బరిచెట్టు

పై కోత నియమాలేవీ కొబ్బరికి వర్తించవు. కొబ్బరికి కొమ్మలు లేవు, పెరిగే మొన ఒక్కటే, అదే మొవ్వు. మొవ్వు విరిగితే లేదా కుళ్ళితే చెట్టు బతకదు. మొవ్వు నిటారుగా, పచ్చగా ఉంటే మట్టలు సగం పోయినా చెట్టు కోలుకుంటుంది. విరిగి వేలాడే మట్టలనే తీయాలి, పచ్చిమట్టలను తలకట్టు తేలిక చేయాలని కోయకూడదు. పచ్చిమట్టను కోయక తప్పకపోతే మానుకు అంటకోయకుండా సుమారు మీటరు పొడవు కాడ వదలాలి. పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, పొడవాటి కాడ ఉంటే లార్వా మాను దాకా చేరడం కష్టం. తుపాను వానల తర్వాత వచ్చే మొవ్వు కుళ్ళుకు ఒక శాతం బోర్డో మిశ్రమాన్ని మొవ్వు చుట్టూ పోయడం ఉద్యాన శాఖ చెప్పే నివారణ. వదులైన కాయలు, గెలలు రోజుల తరబడి రాలుతూనే ఉంటాయి కాబట్టి చెట్టు కింద మంచాలు వేసుకోవడం, పశువులను కట్టడం కొన్నాళ్ళు మానాలి.

ఎంత కోయాలి, చెట్టును ఎప్పుడు తీసేయాలి

గాలికి ఆకులన్నీ రాలి బోసిపోయిన చెట్టు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. చాలాసార్లు అది చావలేదు. సన్నరెమ్మ బెరడును గోటితో గీరితే లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. ఆకులు పోయిన చెట్టుకు మిగిలిన పెట్టుబడి కొమ్మల్లో, మానులో దాచుకున్న పిండిపదార్థమే. అప్పుడు అందంగా కనిపించాలని ఇంకా కొమ్మలు కోసేస్తే ఆ నిల్వ కూడా పోతుంది. ప్రమాదకరమైన కొమ్మలను, విరిగిన మోళ్ళను మాత్రం తీసి మిగతావి వదిలేయాలి. మామూలు ఏడాదిలోనే పచ్చని గుబురులో నాలుగో వంతు మించి తీయకూడదని నియమం. తుపాను ఏడాదిలో గాలి ఆ వాటాను ఎప్పుడో దాటేసి ఉంటుంది.

మాను నిలువునా చీలినప్పుడు, గుబురులో సగానికి మించి పోయినప్పుడు, వేళ్ళు లేచి చెట్టు ఇంటి వైపు ఒరిగినప్పుడు తీసివేతే మార్గం. పక్కకు ఒరిగిన చిన్నమొక్కల సంగతి వేరు. మాను సన్నగా ఉన్నవాటిని ఒకటి రెండు రోజుల్లోపు, వేళ్ళు ఎండకుండా గోనెపట్టాతో కప్పి ఉంచి, గుంటను వెడల్పు చేసి నిలబెట్టి, మూడు వైపులా తాళ్ళతో కట్టవచ్చు.

పూర్తిగా కొట్టవలసివస్తే చట్టాన్ని చూసుకోవాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, వాడుకలో వాల్టా, ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చెట్టును నరకడానికి ముందుగా అధికారి అనుమతి అవసరం. నగరాల్లో మునిసిపల్ కార్యాలయాన్ని అడగాలి. ప్రహరీ మీదుగా పక్కింటివైపు వాలిన కొమ్మ విషయంలో కోతకు ముందు వారితో మాట్లాడుకోవడం వల్ల తర్వాతి గొడవ తప్పుతుంది.

కోసిన కలప, తర్వాతి సంరక్షణ

పచ్చికొమ్మలను పోగేసి తగలబెట్టడం వల్ల పొగతోపాటు పక్కచెట్ల వేళ్ళకు, బెరడుకు కూడా నష్టం. సన్నరెమ్మలను, ఆకులను చెట్ల పాదుల్లో పరిచితే తేమ నిలుస్తుంది. అయితే మొదలుకు ఆనించకుండా జానెడు ఖాళీ వదలాలి. దుంగలు వంటచెరకుకు పోతాయి. కొబ్బరి దుంగలను మాత్రం పెరట్లో వదలకూడదు. కుళ్ళే కొబ్బరి మానులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. తుపాను తర్వాత నెలలు గడిచాక బతికిన చెట్ల మొవ్వులను తొలిచేది అలా పెరిగిన పురుగులే. కాబట్టి ఆ దుంగలను చీల్చి ఆరబెట్టాలి, లేదా దూరంగా తరలించాలి.

వాన తర్వాత మోళ్ళ చుట్టూ గుత్తులుగా చిగుళ్ళు వస్తాయి. మొదటి ఏడాది వాటిని తాకనవసరం లేదు, చెట్టుకు ఆహారం తయారుచేసేవి అవే. రెండో ఏడాది నుంచి బలమైనవి, దూరదూరంగా ఉన్నవి ఒకటి రెండు ఉంచి మిగతావి తీస్తూ రావాలి. ఆంధ్ర తీరానికి తీవ్ర తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి, మే నెలలోనూ వస్తాయి. సెప్టెంబరు లోపే ఎండుకొమ్మలను తీయించుకుని, ఇరుకు పంగలను చూపించుకుని, తీగల దగ్గరి కొమ్మల గురించి విద్యుత్ కార్యాలయానికి చెప్పి లైను ఆపించి కోయించుకోవాలి. చెట్టు తల మాత్రం నరికించవద్దు.